మూడు దీవులకు మూడు రిజిస్టర్డ్ ఉత్తరాలు

1973 వేసవి. చోడవరం పోస్టాఫీసులో రిజిస్ట్రేషన్ కౌంటరు నాది. చీడికాడ దగ్గరి పల్లె నుంచి నరసమ్మ, ఆమె భర్త సింహాద్రి వరసగా నాలుగో రోజు వచ్చి నిలబడ్డారు.

"ఏ దీవికెల్తే మా తమ్ముడు అవుపిస్తాడు బాబూ?"

ఆమె తమ్ముడు అప్పన్న తండ్రితో గొడవపడి కలప కోతకు అండమాన్ వెళ్లిపోయాడు. ఆరేళ్లలో రాయించింది ఒక్క ఉత్తరం. అందులో చిరునామా లేదు. ఏ ఊళ్లో పోస్టు చేశారో చెప్పే పోస్ట్‌మార్క్ అలుక్కుపోయింది. చక్కెర మిల్లులో సీజన్ మొదలయ్యేలోగా సింహాద్రి తిరిగి రావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగాక ఒక్క దీవికి వెళ్లి రావడానికే వ్యవధి.

"హేవ్‌లాక్ ఎల్లిపోదామండి. కొబ్బరితోటలున్నాయట" అన్నాడు సింహాద్రి. నిన్న మిడిల్ అండమాన్ అన్నాడు. మొన్న లిటిల్ అండమాన్.

"తోటలుంటే మీ బావమరిది ఉన్నట్టేనా?" అని కసిరాను. వెనక క్యూ పెరుగుతోంది.

వాళ్లను వదిలించుకోవడానికే ఒక ఉపాయం చెప్పాను. మూడు దీవుల పోస్టాఫీసులకూ అప్పన్న పేరిట ఎ.డి. జత చేసిన రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపమన్నాను. ఎ.డి. అంటే ఉత్తరం అందుకున్న మనిషి సంతకం చేస్తే మనకు తిరిగొచ్చే కార్డు.

ఆ తర్వాత రోజూ "వచ్చిందా బాబూ?" వాళ్లను చూస్తేనే తలనొప్పి పట్టుకునేది. నెల దాటాక రెండు ఉత్తరాలు, అలాంటి మనిషి లేడని తిరిగొచ్చాయి. లిటిల్ అండమాన్ నుంచి కార్డు వచ్చింది. సంతకం లేదు, వేలిముద్ర ఉంది.

"ఇంకేం, బయల్దేరండి!" అన్నాను.

సింహాద్రి కదల్లేదు. "మన వైపు అప్పన్నలు ఎంతమంది లేరండీ? ఇంకెవుడైనా తీసుకుంటే?"

ఒళ్లు మండిపోయింది. అతను అన్నది నిజం కావడం వల్ల మరీ మండింది.

నరసమ్మ కార్డు తీసుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతుర్లో పట్టుకుంది. నీలి ముద్రకు అడ్డంగా సన్నని తెల్లగీత.

"ఆడే" అంది. "సిన్నప్పుడు సెరుకు నరుకుతా ఆ యేలు నేనే తెగ్గోసేను. మూడ్రోజులు అన్నం నేనే తినిపించేను." అక్కడే గుమ్మం మీద కూలబడి ఏడ్చింది.

వెళ్లి వచ్చారు. అప్పన్న రాలేదు, కానీ నెలనెలా ఉత్తరం రాయిస్తానని అక్కకు మాటిచ్చాడు. నిలబెట్టుకున్నాడు కూడా.

ముప్పై ఏళ్ల సర్వీసులో విసుగును పూర్తిగా జయించానని చెప్పను. కానీ కౌంటరు అవతల ఎవరైనా పదేపదే అదే ప్రశ్న వేస్తుంటే, అది వాళ్ల తెలివితక్కువతనం కాదేమో, నా జవాబే ఇంకా సరిపోలేదేమోనని ఒక్క క్షణం ఆగడం మాత్రం సింహాద్రి దగ్గరే నేర్చుకున్నాను.