ఒక్క సున్నా ఎక్కువైన సైరన్

మొన్న జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ మొత్తాన్ని పొద్దున పదింటికే ఇంటికి పంపించేశాను, నమ్ముతారా! నేను ఓనర్నీ కాదు, యూనియన్ లీడర్నీ కాదు. రిటైరైన కరెంటు ఇంజనీరుని.

కరెంటంటే గుర్తొచ్చింది. నా సర్వీసంతా కరెంటు ఫ్రీక్వెన్సీ యాభై సైకిళ్లే. సెకనుకు యాభై, అంతే. కాస్త అటూ ఇటూ కదిలితే పైవాళ్లు ప్రాణం తీసేవారు. అప్పట్లో మా సబ్‌స్టేషన్‌లో ఒక పిల్లి... సరే, అది వేరే కథ.

రిటైరయ్యాక మాదాపూర్‌లో మా మేనల్లుడు సుధాకర్ పెట్టిన చిన్న కంపెనీలో చేరాను. ఫ్యాక్టరీ సైరన్‌ని వేళకు మోగించే కంప్యూటర్ డబ్బాలు చేస్తాం. డబ్బా లోపల అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాం, అదే కెర్నల్, వాడు రాశాడు, సైరన్ ప్రోగ్రాం నేను రాశాను. జీడిమెట్లదే మొదటి ఆర్డరు. అది పోతే కంపెనీకి తాళమే.

"మావయ్యా, టైమర్ మన కెర్నల్‌ని సెకనుకు వందసార్లు తట్టి లేపుతుంది. కావాలంటే మార్చుకోవచ్చు, మీ ఇష్టం" అన్నాడు వాడు.

ఫ్రీక్వెన్సీ నా ఇష్టమా! ఇన్నేళ్లకు! వంద తీసి వెయ్యి పెట్టేశాను. నా ప్రోగ్రాం మాత్రం వంద తట్లు పడగానే సెకను అయిందనుకుంటుంది. ఆ సంగతే మరిచాను. రాసింది నేనే!

తొమ్మిదిన్నరకు ఫ్యాక్టరీలో టైము సరిచేసి స్విచ్ వేశాం. మేనేజర్ యాదగిరి మాకు చాయ్ చెప్పాడో లేదో, టీ సైరన్ మోగింది.

"వాహ్! డబ్బాకు మన మనసు తెలిసినట్టున్నది సార్!"

చాయ్ తాగి నేను యాభై సైకిళ్ల చరిత్ర ఎత్తుకున్నాను. సగానికి రాకముందే లంచ్ సైరన్!

"ఏంది సార్ గిది? పొద్దుగాల తిన్న ఇడ్లీ ఇంక అరగనే లేదు!"

సుధాకర్ మొహం పాలిపోయింది. "మావయ్యా, ఏం ముట్టుకున్నారు?"

"ఏం లేదురా, ఒక్క సున్నా." అప్పుడు వెలిగింది, డబ్బా గడియారం పదింతలు పరిగెడుతోంది!

ఈలోగా షిఫ్ట్ అయిపోయిన సైరన్! జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని నవ్వుతూ గేటు దాటారు.

ఇద్దరూ సున్నా తీసేయమన్నారు, తీసేశాను. డబ్బా బుద్ధిగా నడిచింది. యాదగిరి నవ్వలేక కూలబడ్డాడు. "ఆర్డర్ పక్కా సుధాకర్ సార్. డబ్బాలు పంపుండ్రి. ఈ పెద్దసారును మాత్రం పంపకుండ్రి!"

గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపాడు. "సారూ, దాన్ని గట్లనే ఉంచుండ్రి! ఒకటో తారీఖు జల్ది వస్తది!"

సర్వీసంతా కరెంటు వేళకు ఇవ్వలేదని తిట్లు తిన్నవాణ్ని. జీవితంలో మొదటిసారి ఒకటి వేళకన్నా ముందిచ్చాను, అదీ వెనక్కి తీసేసుకోమన్నారు!