ఎదురు ప్రశ్న

నా వద్ద చదివిన ఒకామె ఏ ప్రశ్నకూ వెంటనే జవాబిచ్చేది కాదు. ముందు "ఎవరికండీ?" అని అడిగేది. తునిలో వాళ్లది బట్టల దుకాణం. చీర ఎవరికో తెలుసుకోకుండా అరలోంచి ఒక్క మడత దించకూడదన్నది వాళ్ల నాన్నగారి నియమం. తరగతిలో మాత్రం ఆ అలవాటు నాకు అవిధేయతగా తోచేది.

తరువాతి కాలంలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను, ఏ వస్తువు ఎలా ఉండాలో నిర్ణయించే ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి ఫోనులో ఇంటర్వ్యూ చేస్తామన్నది. రెండు దరఖాస్తులు తిరిగివచ్చాక అందిన మొదటి పిలుపు అది. దుకాణంలో సందడి ఎక్కువని రాజమహేంద్రవరంలోని మా ఇంటికి వచ్చింది. పరీక్షకులకు ఎదురు ప్రశ్న వేయరాదని హెచ్చరించి, నేను ఎదుటనే కూర్చున్నాను.

"ఒక అలారం గడియారం రూపొందించండి" అన్నది స్పీకరులో పెట్టిన ఫోనులోని గొంతు. ఆమె నోరు తెరవగానే నేను వేలు చూపించి వారించాను. ఆమె తన ప్రశ్న మింగి, గడియారం రంగు, ఆకారం గడగడా వర్ణించింది.

"బాగుందండి. ఇంతకీ ఇది ఎవరి కోసం?" అన్నాడాయన.

ఆమె తలెత్తి నావైపు చూసింది. రెండో ప్రశ్నకు పది నిమిషాల్లో మళ్లీ చేస్తానని ఆయన ఫోను పెట్టేశాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీరు కాసేపు బయట కూర్చుంటారాండి?" అన్నది.

నా ఇంటి వరండాలో ముప్పావుగంట కూర్చున్నాను. చివరకు తలుపు తెరుచుకున్నది.

"తరువాతి ఇంటర్వ్యూకి హైదరాబాదు రమ్మన్నారండి!"

లోపలికి రావచ్చునా అని ఆమెను అడిగాను.