గంజి పెట్టిన పాట

“నేను లేకపోయినా ఆ డబ్బా తియ్యొద్దు.”

“నాకేం పని ఆ తుప్పు డబ్బాతో? నిద్రపో.”

మా ఇంటాయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నది అంతే. ఆయన కోవిల్‌పట్టి టూరింగ్ టాకీసులో ఆపరేటరు. డబ్బాలో ఉండేది పాత సినిమా రీలు, ఒక్క పాట.

పోయిన ఏడు విరుదునగరం నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు. పాత సినిమాలంటే ప్రాణమిచ్చే జట్టంట వాళ్లది. ముక్కలు ఏరి, కంప్యూటరులో తుడిచి, ఇంట్లో చూసేటట్టు చేస్తారంట. ఆ సినిమాలో ఈ పాట ఒక్కటే ఎక్కడా దొరకలేదంట. రేపొచ్చి తీసుకుంటానన్నాడు.

డబ్బా తెరిస్తే దుమ్ము, పుల్లటి కంపు. నేను అరుప్పుకోట్టై నేతగాళ్ల ఇంట పుట్టినదాన్ని. మురికి నూలు ఇంకొకరి చేతికివ్వడం మాకు లేదు. రీలంతా విప్పి కుంకుడు రసంలో జాడించి, గంజిలో ముంచి, మగ్గానికి పడుగు నూలు చాచినట్టు వీధిలో నాలుగు వరసలు చాచి ఎండబెట్టినాను.

ఆ విరుదునగరం ఆయన వచ్చి చూసి నేల మీద కూలబడినాడు.

“పెద్దమ్మా, ఏం చేసినారు?”

“గంజి పెట్టినా నాయనా. బిరుసుగా నిలుస్తుంది.”

ఆయన కళ్లలో నీళ్లు చూసినాకే నేను చేసిందేమిటో తెలిసొచ్చింది. మా ఆయన అన్నేళ్లు దాచినదాన్ని ఒక్క పూటలో పోగొట్టినానే అనుకున్నా.

ఆరు నెలలు తుడిచినారు. పాట వచ్చింది గాని గంజి పూర్తిగా పోలేదు. ఇప్పుడు టీవీలో పెడితే ఆ హీరోయిను తెల్లటి మంచులో నడిచొస్తుంది. ఆ కాలంలోనే మంచు ఎంత బాగా తీసినారని చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారంట. ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. మా ఆయన ఉంటే తిట్టి, తిట్టి, మళ్లీ మళ్లీ పెట్టుకొని చూసేవాడు.

కోడలా, నవ్వింది చాలు. నువ్వు రాసిందంతా ఒకపారి చదువు, వింటాను.