తెల్లెలుకల్ని తట్టే వేలు

చిలకమ్మది ల్యాబులో తెల్లెలుకలకి తిండి పెట్టే పని. అన్నిటికీ చెవులు చెడగొట్టే సూది వేశారు. చెవి నరం చచ్చిపోకుండా కాపాడే మందు మాత్రం కొన్నిటికే ఎక్కించారు. ఆమె గరిటతో డబ్బా మీద కొట్టగానే మందు పడ్డవి పరిగెత్తుకొస్తాయి. పడనివాటిని "రాయే తల్లీ" అంటూ వేలితో వీపు తట్టి పిలుస్తుంది.

"ఆటోనగర్‌లో రేకులు కొట్టికొట్టి మా ఆయనకీ సెవులు పోతన్నాయమ్మా. ఈ మందు ఆయనకీ ఎయ్యండి," అని ఇవాళ డాక్టరమ్మని బతిమాలింది.

"మనుషులకింకా రాలేదు చిలకమ్మా."

ఇంటికొచ్చి, అన్నం వడ్డించి, అలవాటుగా గరిటతో గిన్నె మీద కొట్టింది. గుమ్మంలో అటు తిరిగి కూర్చున్న మొగుడు అర్జునరావు కదల్లేదు. మళ్లీ కొట్టింది. అయినా కదల్లేదు. దగ్గరికెళ్లి వేలు చాచింది. ఎలుకల్ని తట్టే వేలది. గబుక్కున ముడుచుకుని, అరచెయ్యి మొత్తం ఆయన వీపున ఆనించింది.