ఇవాళ్టి నొప్పి

నా పెనిమిటికి పెద్దరోగం వచ్చిందని నాకు తెలిసింది పొయ్యి దగ్గర. జొన్న గటక ఉడికింది, కుండ దించబోతున్నాను, ఇంతలో చంటిపిల్ల ఏడిస్తే అటు పోయాను. ఆయన వంగి, గుడ్డ పట్టుకోకుండానే రెండు చేతులతో కుండ దించి నింపాదిగా పక్కన పెట్టాడు. పెట్టాక కూడా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. అరచేతి తోలు కుండకు అంటుకుని ఊడిరావడం నేను చూశాను. ఆయన చూడలేదు.

"నీ చెయ్యి," అన్నాను.

ఆయన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"మంట లేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన మొహం మారిపోయింది.

మేముండేది బాన్సువాడలో, బిచ్కుంద తొవ్వకు ఆనుకుని ఉన్న మా వాడలో. జర్మనీ లడాయి మొదలైన రెండో ఏడో, మూడో ఏడో. ఆయన మా వాడ ఉపదేశి. చదువు వచ్చినవాడు వాడ మొత్తానికి ఆయనొక్కడే. మావాళ్లే గోడలు పెట్టి, తాటికమ్మలు కప్పుకున్న ప్రార్థన గుడిసెలో ఆదివారం వాక్యం చదివి, ప్రభువు బల్ల రొట్టె పంచేవాడు, మిగతా రోజులు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి ఎడ్లు తప్పిపోయినా ముందు ఆయన దగ్గరికే వచ్చి ప్రార్థన చెయ్యమనేవారు. నేను పిట్లం దగ్గరి పల్లె పిల్లను. పెళ్లికి ముందురోజు నాకు బాప్తిస్మం ఇచ్చారు. నాకు యేసుప్రభువు అంటే అత్తగారింటి దేవుడు, అంతే. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను పొయ్యిలో నిప్పు ఆరిపోతుందేమోనని కళ్లు తెరిచి చూసేదాన్ని.

రోగం సంగతి తేల్చుకోవడానికి ఆయన దూరపు దవాఖానకు పోయి పదిరోజులకు తిరిగి వచ్చాడు. అక్కడ మంచాలు ఖాళీ లేవట. వారానికి ఒకరోజు కోటగిరి వైపు ఒక పల్లెకు డాక్టరు బండి వస్తుంది, అక్కడికి వచ్చి సూదులు వేయించుకోమన్నారు. అది నూనె సూది. వేసినచోట కోడిగుడ్డంత ఉబ్బేది. వేరే పడుకోవాలి, వేరే తినాలి, పిల్లను ఎత్తుకోకూడదు అని చెప్పి పంపారు.

వాడలో మాట దాగలేదు. మా ఆయన చిన్నాయనే సంఘానికి పెద్ద. నేను మామా అని పిలిచేదాన్ని. తల్లీతండ్రీ లేని మా ఆయనను సాకి పెద్దచేసిన మనిషి. ఒకరోజు పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నీ చేతితోటి రొట్టె తీసుకుంటందుకు జనం భయపడుతుండ్రు రా," అన్నాడు. "ప్రభువు బల్ల మరొకరు చూసుకోని. నువ్వు గోడ బయట కూసో. ఇనొచ్చు గద."

ఆయన సరేనన్నాడు. నెలకొకసారి వేరే ఊరి ఉపదేశి వచ్చేవాడు. ఆ ఆదివారాలు మా ఆయన గోడ బయట కూర్చుని లోపలివాళ్లతోపాటు పాడేవాడు. ఆయన గొంతే అందరికన్నా పైకి వినిపించేది. కొన్నాళ్లకు పిల్లలు పాటకు ఆయన దగ్గరికి పరుగెత్తి వస్తున్నారని, అక్కడా కూర్చోవద్దన్నారు. ఎవరూ పొమ్మనకముందే ఆయనే కాలువ అవతల, నీటి తూముకు పైన, ఒక గుడిసె వేసుకున్నాడు.

నేను పొద్దుగూకకముందే తూము మీదుగా కాలువ దాటి అంబలి పట్టుకుపోయేదాన్ని. ముంత ఒక రాయి మీద పెట్టి దూరం జరిగితే, ఆయన వచ్చి తీసుకునేవాడు. మొదట్లో ఆయన తిన్నాక గట్టిగా ప్రార్థన చేసేవాడు, నాకు వినపడేట్టు. ఒకరోజు కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచాడు.

"నా నోటికి వస్తలేదు," అన్నాడు. "నువ్వు చెయ్యి."

"నాకు రాదు."

"వచ్చినంత చెయ్యి."

"ఏమని అడుగుడు? నీ రోగం తగ్గియ్యమని నువ్వే ఇన్నాళ్లు అడిగినవు. తగ్గిందా?"

ఆయన ఆ మాటకు కోపపడలేదు. "అది అడగకు," అన్నాడు. "ఈ పూటకు అడుగు. ఎడమ మోచెయ్యి గుంజుతుంది. అదొక్కటి అడుగు."

ఆయన చేతివేళ్లకు తెలివి లేదు కానీ మోచేతుల దగ్గర నరాలు తాడులా లేచి ప్రాణం తోడేసేవి. నేను కళ్లు మూసుకున్నాను. ఏం మొదలుపెట్టాలో తెలియలేదు. "ప్రభువా, ఈయనకు ఎడమ మోచెయ్యి నొస్తుంది. ఇయ్యాల కొంచెం తగ్గియ్యి. ఇంక ఏమడగాల్నో నాకు ఎరుక లేదు," అన్నాను. ఆయన ఆమేన్ అన్నాడు. ఆ రోజు తగ్గిందో లేదో గుర్తులేదు. మరుసటిరోజు మాత్రం ముంత పెట్టి, "ఇయ్యాల ఎక్కడ?" అని నేనే అడిగాను.

అలా రోజుకొక నొప్పి అడిగేదాన్ని. మోకాలు, మెడ, కన్ను. తగ్గిన రోజులు ఉన్నాయి. తగ్గని రోజులే ఎక్కువ. నాకు విశ్వాసం కుదిరిందని ఆ రోజుల్లో ఎవరైనా అంటే నవ్వేదాన్ని. అంబలి పోయడం ఎలాగో ఆ నాలుగు మాటలు అనడమూ అలాగే, ఒక పని.

లడాయి ముదిరేకొద్దీ తిండి దొరకలేదు. పండిన వడ్లు సర్కారువాళ్లు లెవీ కింద బండ్లకెత్తుకు పోయేవారు. నేను కోటగిరి వైపు నాట్లకు పోయేదాన్ని. ఒకరోజు పటేలు ఇంటామె గట్టు మీదికి పిలిచింది.

"ఏమనుకోకు అవ్వ. నీ పక్కన వంగి నాటేస్తందుకు ఆడోళ్లు ఒప్పుకుంటలేరు," అంది. ఆమె చెడ్డది కాదు. ఆ పూట గింజలు పూర్తిగానే పోయించింది. మరునాటినుంచి నాకు పని లేదు.

నా బిడ్డకు అప్పటికి నాలుగేళ్లు. కాలువ నీళ్లు వచ్చిన కాడినుంచి మా వాడలో చలిజ్వరం పోయింది లేదు. దానికి ఆ ఏడు వానాకాలంలో పట్టుకుంది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పాను. నా చీర కూడా విప్పి కప్పి, గోనెపట్టా చుట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. అయినా పళ్లు కొట్టుకునేవి. ఐదోరోజు మధ్యాహ్నం వణుకు ఆగింది. నయమైందనుకుని దాని నుదుటి మీద చెయ్యి వేశాను.

మా వాడ బొందలగడ్డ కాలువకు ఇవతలి ఒడ్డున ఉంది. గొయ్యి తవ్వారు. అవతలి ఒడ్డు మీద మా ఆయన నిలబడ్డాడు. కాలువ నిండుగా పారుతోంది.

"వాన్ని ఆడనే ఉండుమను బిడ్డ," అన్నాడు మామ నాతో, నా మొహం చూడకుండా. ఉపదేశి వచ్చే ఆదివారం ఇంకా దూరం ఉంది. వచ్చిన పదిమందిలో ఎవరికీ, సంఘం పెద్ద మామకు కూడా, పైకి ప్రార్థన చెయ్యడం రాదు. అందరూ అవతలి ఒడ్డు వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. "ప్రభువా," అన్న మాట నీళ్ల మీదుగా వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. మట్టి వెయ్యండని మామ చెయ్యి ఊపాడు.

"ఆగున్రి," అన్నాను.

నేను పదిమంది ముందు ఎన్నడూ నోరు విప్పిన మనిషిని కాను. "ప్రభువా, దీనికి చలి ఎక్కువ. మేము కప్పినయి సాల్లేదు. నువ్వు కప్పు," అన్నాను. అంతకుమించి రాలేదు. అవతలినుంచి ఆమేన్ వినిపించింది. ఇవతల ఎవరూ అనలేదు.

నెల తిరగకముందే పిట్లం నుంచి నా తమ్ముడు వచ్చాడు.

"ఇగ నీకు ఈడ ఏమున్నది అక్కా? పొల్ల కూడ పాయె. ఇంటికి నడువు. పెండ్లాం చచ్చిన మనిషొకడున్నడు, ఎకరం భూమున్నది. మారుమనువు చేస్తం."

మా కులంలో మారుమనువు తప్పు కాదు. నేను పోయాను. ఈ మాట దాచుకోను. ఆ రోజు ముంత రాయి మీద పెట్టి, తమ్ముని వెంట పోతున్నానని మా ఆయనకు చెప్పాను. "పో," అన్నాడు. "నేనే చెప్దామనుకుంటున్న." ఇవాళ ఎక్కడ నొస్తుందని ఆ పూట నేను అడగలేదు.

పిట్లంలో తొమ్మిది రోజులున్నాను. మా మరదలు వేడి రొట్టెలు చేసి పెట్టేది. ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నాను. పిల్ల పోయినప్పటినుంచి రాని నిద్ర కూడా వచ్చింది. ఆ భూమున్న మనిషి ఒకసారి వచ్చి అరుగు మీద కూర్చుని పోయాడు. నెమ్మదస్తుడే. సుఖంగా ఉండొచ్చని నాకు అర్థమైంది.

అయితే రోజూ పొద్దుగూకే వేళకు కళ్లు వాటంతట అవే మూసుకునేవి. "ప్రభువా, ఈయనకు" అనేదాన్ని. అక్కడ ఆగిపోయేది. ఆయనకు ఆ రోజు ఎక్కడ నొస్తుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని ఏమని అడగాలి? ఊరికే ఆయనను కాపాడు అందామని చూశాను. అది అబద్ధం చెప్పినట్టు అనిపించింది. తొమ్మిది రోజులూ అదే మాట దగ్గర ఆగాను. పదోరోజు పొద్దున చెంగు బిగించుకున్నాను.

"యాడికి?" అన్నాడు తమ్ముడు.

"బాన్సువాడకు."

"ఆడ ఏమున్నది నీకు?"

"ఏం లేదు తమ్మీ."

వాడు తొవ్వదాకా వచ్చి, నన్ను ఆపలేక నిలబడిపోయాడు. ఎండ వాలే వేళకు కాలువ దాటాను. గుడిసె దగ్గర వాసన వచ్చింది. ఆయన పడుకుని ఉన్నాడు, పక్కన ఎవరో పెట్టిపోయిన ముంత ఉంది. తెలివి లేని కాలును ఎలుకలు కొరికాయి. రెండు వేళ్లు సగం లేవు. ఆయనకు నొప్పి తెలియదు కనుక నిద్రలో మెలకువ రాలేదు.

"మళ్లొస్తవనుకోలే," అన్నాడు.

"నేను గూడ అనుకోలే," అన్నాను.

ఉప్పునీళ్లు కాచి, కాలు నా ఒళ్లో పెట్టుకుని కడిగాను. మూడేళ్ల తర్వాత ఆయనను ముట్టుకోవడం అదే. వద్దు వద్దు అంటూనే కాసేపటికి ఊరుకున్నాడు. నేను ఆ గుడిసెలోనే ఉండిపోయాను. కట్టెలు కొట్టి పటేళ్ల ఇళ్ల వెనక వేసివస్తే, గడప బయట జొన్నలు పోసేవారు. దానితోనే ఇద్దరం బతికాం. ఎలుకలు రాకుండా పడుకునేముందు ఆయన కాళ్లకు గుడ్డలు చుట్టేదాన్ని. ఆ కాలు మానలేదు. ఇంకో కాలూ పాడైంది.

దేవుడు బలమిస్తాడని గుళ్లో చెప్తారు. నాకు కొండంత బలం ఏమీ రాలేదు. ఒక రోజుకు సరిపోయేది వచ్చేది, సాయంత్రానికి అదీ అయిపోయేది. మరునాడు లేవాలంటే మళ్లీ అడుక్కోవలసిందే.

రజాకార్ల గడబిడ రోజుల్లో తొవ్వలు బంద్ అయ్యాయి. డాక్టరు బండి రావడం మానేసింది. ఆయనకు కాలినుంచి జ్వరం ఎక్కింది. మూడోరోజు నేను ఎప్పటిలాగే, "ఇయ్యాల ఎక్కడ?" అన్నాను.

"ఇయ్యాల నాది వద్దు," అన్నాడు. "ఇన్నేండ్లు నాదే అడిగినవు. నీకోసం ఏమన్న అడుగు."

నేను కళ్లు మూసుకున్నాను. నాకు ఏం కావాలో నాకే తెలియలేదు. వెతుక్కుంటూ కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి ఆయన ఊపిరి మారింది. పొద్దు ఇంకా ఉండగానే పోయాడు.

బిడ్డ పక్కన చోటు ఇమ్మని మామను అడిగాను. "ఒప్పుకుంటలేరు బిడ్డ," అన్నాడు. "నేను చెప్పిచూసిన. నా మాట సాగుతలేదు." కానీ మధ్యాహ్నం ఆయనొక్కడే పార భుజాన వేసుకుని కాలువ దాటి వచ్చాడు. ముసలితనంలో ఆగి ఆగి తవ్వాడు. నేను మట్టి తీశాను. ప్రార్థన నేనే చేశాను. ఆ మాటలు నాకు గుర్తులేవు.

ఆ మరుసటి ఏడు నా మోకాలి కింద పైసంత తెల్లమచ్చ కనిపించింది. ముల్లుతో గుచ్చుకుని చూశాను. తెలియలేదు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. డాక్టరు బండి మళ్లీ వస్తోందని విని కోటగిరి వైపు నడిచి పోయాను. సూదులేసే కంపౌండరు నన్ను గుర్తుపట్టి మా ఆయన ఏడని అడిగాడు. చెప్పాను. అతను ఒక డబ్బా మూత తీశాడు.

"ఇప్పుడు సూదులు లేవమ్మ," అన్నాడు. "గోలీలొచ్చినయి. చానమందికి తగ్గుతుంది. నీది ఇప్పుడే మొదలు. ఫికర్ చెయ్యకు."

గోలీ చిన్నది, తెల్లనిది. అక్కడే నీళ్లిచ్చి మింగించాడు. కొన్నేళ్లు మింగాను. నా వేళ్లు పదీ ఉన్నాయి, మచ్చ పెరగలేదు, ఇది చెప్పడానికి బతికే ఉన్నాను.

మొదటి గోలీ మింగిన రోజు గుడిసెకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రోజూ కూర్చునేచోట కూర్చుని కళ్లు మూసుకున్నాను. స్తోత్రం చెప్పవలసిన రోజని నాకు తెలుసు. నోటికి రాలేదు. ఒక్క ఏడు ముందు ఎందుకు పంపలేదని అడగాలని ఉంది, అదీ రాలేదు. అయినా అక్కణ్ణుంచి లేవలేదు. ఆయన అవతలి పక్క కూర్చుని వింటున్నాడనే అనుకున్నాను, మా ఆయన సంగతి కాదు, ప్రభువు సంగతే చెప్తున్నాను. చీకటి పడుతుంటే పొయ్యి అంటించాను.