తంగేడు కాదు

తమ్ముడు అమ్మతో మాటా మాటా పెరిగి ఇల్లు వదిలిపోయాడు. వారం తర్వాత నా ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. రాళ్ళ మధ్య పసుపు పువ్వు, అయిదు రేకులు. కింద ఒక్క ముక్క రాయలేదు. నేను తిరిగి చేసేసరికి ఫోన్ బంద్.

చార్మినార్ దగ్గర ఏళ్ళుగా పూలమ్మే మా అమ్మ ఆ ఫొటో చూసీ చూడగానే తేల్చేసింది. “తంగేడు బిడ్డా! గుట్టల దిక్కే ఉన్నడు. దూరం పోలే.”

బతుకమ్మ దగ్గర పడుతున్న రోజులు. అప్పుడు పసుపు పువ్వు కనిపిస్తే మా ఇళ్ళలో ఇంకో పేరు నోటికి రాదు. మునిగేవాడికి గడ్డిపోచ చాలు. నేనూ నమ్మి వికారాబాద్ గుట్టలన్నీ తిరిగాను, టీ కొట్ల దగ్గర వాడి ఫొటో చూపించాను. ఎటు చూసినా తంగేడు విరగబూసి ఉంది. వాణ్ణి చూసినవాళ్ళు లేరు. ఆ పూలన్నీ పీకి పారేయాలన్నంత కోపం వచ్చింది.

తిరుగు బస్సులో ఫొటోను పెద్దది చేసి చూశాను. ఒక మూలన ఆకు కనిపించింది. తంగేడు ఆకు అంచు నున్నగా ఉంటుంది. దీని అంచు రంపంలా ఉంది. దిగీ దిగగానే సైదాబాద్‌లో ఉండే మా కాలేజీ బోటనీ మేడం ఇంటికి పరుగెత్తాను.

“తంగేడు కాదమ్మా. మూడేసి ఆకులు, స్ట్రాబెర్రీ ఆకుల్లాగా. గులాబీ కుటుంబంలోది, పొటెంటిల్లా అంటారు. ఈ రకం హిమాలయాల సొంత మొక్క,” అంది మేడం.

ప్రాణం లేచి వచ్చింది. “ఏ గుట్ట మేడం? చెప్పండి, ఇవ్వాళ్నే రైలెక్కుతా.”

మేడం కళ్ళద్దాలు తీసింది. “కశ్మీర్ నుంచి నేపాల్ దాకా పూస్తుందమ్మా. దీన్ని బట్టి ఊరు చెప్పలేం.”

ఇంటికొచ్చేసరికి అమ్మ మాల కడుతోంది. అంతా చెప్పాను. దారం వదిలేసింది.

“ఆడ మస్తు చలుంటదా?”

“మంచు పడ్తదే అమ్మా.”

లేచి బీరువా తెరిచింది. వాడి స్వెటర్ పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తంగేడే అని చెప్పు బిడ్డా, ఒక్కసారి.”