నేను వేసిన వైరు ముక్క

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పనిలో ఉన్నంతసేపూ కనపడదు. చేతులు కడుక్కుని కూర్చోగానే వచ్చి పక్కన కూర్చుంటుంది. "ఏంటలా ఉన్నారు?" అని మా ఆవిడ అడుగుతుంది. ఏం లేదంటాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను అమలాపురంలో మెకానిక్‌ని. ఏసీలు, ఫ్రిజ్‌లు, ఓవెన్‌లు బాగుచేస్తాను. కువైట్‌లో ఒక హోటల్ మెయింటెనెన్సులో పనిచేసి వచ్చాను. ఇక్కడ ఓవెన్ బోర్డు విప్పే ధైర్యం ఎవరికీ లేదని, నాకొక్కడికే ఉందని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. ఆ గొప్ప నిలబెట్టుకోవాలన్న తాపత్రయమే ఇదంతా తెచ్చిందని ఒక్కోసారి అనిపిస్తుంది. మరోసారి అది కూడా సాకేననిపిస్తుంది.

కరుణమ్మగారు రిటైరయిన టీచరు. కొడుకు ప్రశాంత్, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. పొద్దున్న వాళ్లు వెళ్లిపోతే మనవరాలు ఆవిడ చేతుల్లోనే పెరిగేది. అప్పటికి పాపకి ఇంకా మాటలు సరిగా రాలేదు. కేకులు చెయ్యడం ఆవిడకి ప్రాణం. క్రిస్మస్ వచ్చిందంటే వాళ్ల చర్చిలో పంచే కేకులన్నీ ఆవిడ వంటింట్లోంచే వెళ్లేవి.

ఆ ఏడు సరిగ్గా క్రిస్మస్ ముందు ఓవెన్ ఆగిపోయింది. అద్దం మీద ఏదో ఎర్రర్ అక్షరం చూపించి, కుయ్ కుయ్‌మని అరిచి, చల్లబడిపోయేది. నేను వెళ్లి చూశాను. వేడిని కొలిచే సెన్సర్ పాడయింది. మార్చాను. ఎర్రర్ పోయింది, కానీ వేడెక్కలేదు. వెనక రేకు విప్పి వెతికితే సేఫ్టీ స్విచ్చు తెరుచుకుని ఉంది. ఓవెన్‌లో వేడి మితిమీరితే కరెంటు కోసేసేది అదే.

అది ఊరికే తెరుచుకోదు. లోపల వేడి ఎప్పుడో హద్దు దాటింది. ఎందుకు దాటిందో కనిపెట్టాలి. బోర్డు మీద హీటరుకి కరెంటు వదిలే చిన్న స్విచ్చు ఉంటుంది, రిలే అంటాం. మా ఉప్పుగాలికి, చెమ్మకి దాని కొసలు పాడై ఒక్కోసారి అతుక్కుపోతాయి. అలా అతుక్కుంటే మీరు బయట బటన్ నొక్కి ఆపినా లోపల హీటరు ఆగదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

రిలే నేను చూడలేదు. సేఫ్టీ స్విచ్చే పాడయిందని నాకు నేను చెప్పుకున్నాను. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. ఆవిడ పక్కనే నిలబడి, "పండక్కి అవుతుందంటారా బాబూ?" అని అడుగుతున్నారు. దాని రెండు కొసల్నీ ఒక వైరు ముక్కతో కలిపేశాను. ఓవెన్ వేడెక్కింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. పండగ వెళ్లాక అసలుది తెచ్చి వెయ్యాలనుకున్నాను. ఆవిడకి మాత్రం వైరు సంగతి చెప్పలేదు. చెబితే నాకు పని రాదనుకుంటారని భయం.

తర్వాత మర్చిపోయాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ప్రశాంత్‌గారు ఫోన్ చేశారు. వంటిల్లు కాలిపోయిందన్నారు. ఆవిడ కేకు తీసి, ఓవెన్ ఆపి, పక్కగదిలో పాపని నిద్రపుచ్చి, ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదకి వెళ్లారట. దిగేసరికి ఇల్లంతా పొగ. ఎదురింటివాళ్లు పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపి, పాపని ఎత్తుకుని బయటికి తెచ్చారు. పాప ఊపిరాడక దగ్గుతూనే ఉందట. కోడలు ఆసుపత్రిలో పాప దగ్గరుంది. గండం గడిచిందని నేను వాళ్లింటికి వెళ్లేసరికి కబురొచ్చింది.

ప్రశాంత్‌గారు నాకు వంటిల్లు చూపించి, ఫోనొస్తే వరండాలోకి వెళ్లారు. నేను వెనక రేకు విప్పాను. నా వైరు అక్కడే ఉంది, పైతొడుగు కరిగి నల్లగా. రిలే కొసలకి మీటరు పెట్టాను. కరెంటు లేకుండానే రెండూ కలిసిపోయి ఉన్నాయి, మీటరు మోగింది. ఆవిడ ఓవెన్ ఆపారు. బటన్ నొక్కారు. ఆగనిది ఓవెన్. ఆపాల్సిన ఆఖరి అడ్డుని తీసేసింది నేను.

నా చేతులు నాకంటే ముందే కదిలాయి. కటింగ్ ప్లేయరుతో వైరు కత్తిరించి జేబులో వేసుకున్నాను.

పెరట్లో కరుణమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చీర నిండా మసి. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"బాబూ, నేను ఆపేనండి. ఆపేననే గుర్తు. ఏమైంది దానికి?"

కొడుకు కూడా వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"ఓవెన్‌లో ఏ లోపం లేదండి టీచరుగారూ," అన్నాను. "పాప ఏడుస్తుంటే హడావుడిలో ఆపడం మర్చిపోయుంటారు."

ఆవిడ వాదించలేదు. వాదిస్తారనుకున్నాను. వాదిస్తే నిజం చెప్పేవాణ్నా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చెప్పేవాణ్ని కాదు. ఇంకో అబద్ధం వెతుక్కునేవాణ్ని.

ఆవిడ కుర్చీలో మెల్లగా కూర్చుండిపోయారు.

"ఆయ్, అంతే అయ్యుంటుంది లెండి," అన్నారు. "వయసు కదండీ."

ప్రశాంత్‌గారు తల్లి భుజం మీద చెయ్యి వేశారు. కోపంతో కాదు, జాలితో. ఆ జాలి చూసి నేను తలొంచుకుని టూల్ బ్యాగు సర్దుకున్నాను. దారిలో కాలవ వంతెన మీద బండి ఆపి, వైరు ముక్క నీళ్లలో పారేశాను.

తర్వాత ఏమైందో అక్కడా ఇక్కడా విన్నాను. పాపని పి.గన్నవరంలో కోడలి పుట్టింట్లో ఉంచారు. ఆవిడని ఎవరూ ఒక్క మాట అనలేదట. మంచివాళ్లు. కాకపోతే పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆవిడకి కూడా తన మీద నమ్మకం పోయింది. చర్చిలో పిల్లలకి పాఠం చెప్పడం మానేశారు. ఒకసారి మందుల షాపు దగ్గర కనిపించారు. కొన్న మాత్రలు సంచిలో వేసుకుని, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి, "నేను డబ్బులిచ్చేనాండీ?" అని అడిగారు. ఇచ్చారన్నాడు షాపతను. తలూపి వెళ్లిపోయారు. నేను షాపు పక్క సందులో నిలబడి ఇదంతా చూశాను. మర్చిపోయిందెవరు? నేను. వైరు వేసి మర్చిపోయింది నేను. ఆ మతిమరుపుని ఆవిడకి అంటగట్టాను, ఆవిడ నిజమని నమ్మి దాంతోనే బతుకుతూ వచ్చారు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారు. నిజమే. చెబితే పేరు పోతుంది, పేరు పోతే పనిపోతుంది, పిల్లల చదువులున్నాయి. ఇలా ఏవో చెప్పుకున్నాను. పాప ప్రాణానికే ముప్పు తెచ్చాననే మాట మాత్రం నాతో నేను కూడా అనుకోలేకపోయాను.

మొన్నీమధ్య ప్రశాంత్‌గారే పిలిచారు. గ్యాసు పొయ్యి దానంతటదే ఆగిపోయే పరికరం బిగించాలన్నారు. బిగిస్తుంటే కరుణమ్మగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రాలేదు.

"బాబూ, ఇది ఉంటే నేను కాసిని పాలు కాచుకోవచ్చాండీ?" అని అడిగారు. సొంత వంటింట్లో, నన్ను.

కాచుకోవచ్చండి అన్నాను. ఆ రోజు కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆవిడ వరండాలో ఉన్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. సేఫ్టీ స్విచ్చు, వైరు, అతుక్కున్న రిలే, కాలవలో పారేసింది, అన్నీ చెప్పేశాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

ఆవిడ ఒక్కటే అడిగారు.

"మీకీ సంగతి ఎప్పుడు తెలిసిందండీ?"

"ఆ రోజేనండి. మీతో మాట్లాడకముందే."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "అయితే నేను ఆపేను," అన్నారు. అది నాతో అన్నట్టు లేదు. తర్వాత లోపలికి తిరిగి పిలిచారు. "ప్రశాంతూ, ఓసారి ఇలా రా నాన్నా. ఈయన చెప్పేది విను."

ఆయన ముందు మళ్లీ మొత్తం చెప్పాను. రెండోసారి మొదటిసారి కన్నా కష్టమైంది. ఆయన మొహం ఎర్రబడింది. కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "వెళ్లండి," అన్నారు. అంతే. కరుణమ్మగారు నా వైపు చూడలేదు. కొడుకునే చూస్తున్నారు.

క్షమించమని నేను అడగలేదు. ఏ మొహంతో అడగను? పాప స్కూలుకి వెళ్లే పిల్లయిపోయింది. నాయనమ్మ దగ్గర పెరగాల్సిన ఆ ఏళ్లని ఇప్పుడు నేనెక్కడి నుంచి తెచ్చివ్వను? రేపు వాళ్లు కేసు పెట్టినా, ఊరంతా చెప్పినా, కాదనేందుకు నా దగ్గరేం లేదు. ఆవిడ ఓవెన్ ఆపారన్న నిజం ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఆవిడకి తెలుసు. మీకు తెలుసు.